నల్లపట్టీ కింద పదకొండు వాక్యాలు

పోయినవాటి లెక్క ముందు చెబుతాను.

కుడి చెవి మొత్తం. ఎడమ చెవిలో ముప్పాతిక. రేకుల మీద వాన చప్పుడు, కుక్కర్ ఈల, వెనక నుంచి వచ్చే బండి హారను, చర్చిలో ప్రసంగం, నా ఇంట్లో నా వీపు వెనక జరిగే మాటలు. ఇవన్నీ రాళ్ళు కోసే మిషను తిన్నది. మిషనును బాకీ అడిగే దారి లేదు కాబట్టి వాటిని పద్దులోంచి ఎప్పుడో కొట్టేశాను.

రెండో లెక్క వేరు. మా అమ్మాయి వేసిన నాటికకు, నేను చదువుకోవడం కోసం, తన చేత్తో టైపు చేసి వీడియో అడుగున పెట్టిన వాక్యాలు నాలుగు వందల పన్నెండు. టీవీలో నల్లపట్టీ లేచి కప్పేసినవి నలభై ఐదు. ఆ నలభై ఐదులో తొమ్మిది మా తమ్ముడు రిమోటుతో కుస్తీ పట్టినందువల్ల పోయాయి. పద్నాలుగు, సౌండు పెంచినందువల్ల. ఆరు, కరెంటు పోయి వచ్చినందువల్ల. ఐదు, టీ తాగడానికి ఆపినందువల్ల. కూడితే ముప్పై నాలుగు. మిగిలిన పదకొండు ఎలా పోయాయో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. తెలిసినందువల్ల అవి తిరిగి రాలేదు.

మాచర్ల దగ్గర నాపరాళ్ళ పాలీషు ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు కటింగ్ మిషను పక్కన నిలబడ్డాను. రాయి మీద కోత బిళ్ళ తిరుగుతుంటే పైనుంచి నీళ్ళు పోస్తారు. నీళ్ళు దుమ్మును ఆపుతాయి, చప్పుడును ఆపవు. చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళం. సాయంత్రం తీసి చూస్తే దూది బూడిదరంగులో ఉండేది. చెవిలోకి పోవలసినది దూది పట్టింది అనుకునేవాళ్ళం. పట్టింది దుమ్మునే.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. చదరపు అడుగుల లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. లారీ మీదికి ఎక్కే పలకల్ని చూస్తూ నేనే పట్టుకున్నాను. మా పనిలో పలకలు లెక్కపెట్టేవాడు నోటితో లెక్కపెట్టడు, ఎందుకంటే మిషను దగ్గర నోరు పనికిరాదు. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీద నడుస్తుంది. వేలికి మూడు కణుపులు, చేతికి డజను. కుడి చెయ్యి నిండితే ఎడమ చేతి మీద ఒక కణుపు. రెండు చేతులూ నిండితే నూట నలభై నాలుగు. మనసు ఎక్కడున్నా బొటనవేలు తన పని తాను చేస్తుంది. చెవులు పోయాక నన్ను మిషను దగ్గర నుంచి తీసి యార్డులో కొలతలకు వేశారు. ఆ అలవాటు మాత్రం నాతోనే వచ్చింది. చర్చిలో పాట పాడేటప్పుడు కూడా పక్కవాళ్ళ పెదవులు చూస్తూ చరణాలు కణుపుల మీద లెక్కపెడతాను. ఆఖరి చరణం ఎప్పుడో నాకు తెలుసు. ఏం పాట అంటే తెలియదు.

చెవిమిషను కొన్నాం. అది మాటను పెంచదు, చప్పుడును పెంచుతుంది. గిన్నెలు, ఫ్యాను, రోడ్డు మీద ట్రాక్టరు, అన్నీ ఒకేసారి తలలోకి వస్తాయి. దాన్ని డబ్బాలో పెట్టి బీరువాలో పెట్టాను.

చెవిటివాడికి ఇంట్లో దొరికే జవాబులు రెండే. ఒకటి, "ఏం లేదులే." రెండోది, "తర్వాత చెప్తా." అందరూ నవ్వుతుంటే, ఏందే అని అడుగుతాను. మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగి, "ఏం లేదులేవయ్యా" అంటుంది. అంతమంది ఏమీ లేనిదానికే కడుపు పట్టుకుని నవ్వుతారు. నన్ను ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. మంచివాళ్ళు. నాకు వినబడేలా ఇంకోసారి చెప్పే ఓపిక మాత్రం వాళ్ళకు లేదు.

అందుకే టీవీలో మాటలు కింద అక్షరాలుగా వస్తాయని తెలిసినప్పుడు నాకు పోయిన చెవి ఒకటి తిరిగి వచ్చినట్టయింది. సినిమాలో వాళ్ళతో పాటు నేనూ నవ్వొచ్చు. అడగనక్కర్లేదు. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. రిమోటు మీద ఏ బటను నొక్కినా టీవీ అడుగున ఒక నల్లపట్టీ లేస్తుంది. సినిమా ఎంత అయింది, ఎంత మిగిలింది, ముందుకు పొమ్మనే గుర్తు, ఆపమనే గుర్తు, అన్నీ దాని మీద ఉంటాయి. మా టీవీలో సౌండు పెంచినా అక్కడే లేస్తుంది. అది లేచిన చోటే అక్షరాలూ వస్తాయి. ఒక వాక్యం పొడుగ్గా ఉండి చదవడం పూర్తి కాకపోతే ఆపుతాను. ఆపినందుకు పట్టీ లేచి, ఏ వాక్యం కోసం ఆపానో దాని మీదే కూర్చుంటుంది. మళ్ళీ నడిపిస్తే పట్టీ పోతుంది, దానితో పాటే వాక్యమూ పోతుంది. దీన్ని తయారుచేసినవాళ్ళు వినబడేవాళ్ళు. పట్టీ ఎక్కడ పెడదామని చూస్తే కింద ఖాళీగా కనబడి ఉంటుంది. అది నా చోటని వాళ్ళకు ఎవరు చెబుతారు?

ఇక మా అమ్మాయి సంగతి.

మా వైపు నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళకు నరసరావుపేట పోటీలంటే తెలియనిది కాదు. చెవులు బాగున్న రోజుల్లో పోటీలు జరిగినన్ని రోజులూ పని కాగానే బస్సెక్కేవాణ్ణి. చివరి నాటిక అయ్యేదాకా లేచేవాణ్ణి కాదు. అమ్మాయిని చిన్నప్పుడు వెంట తీసుకుపోయేవాణ్ణి. నా ఒళ్ళో కూర్చుని చూసేది. ఇప్పుడు గుంటూరులో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఆదివారాలు ఒక నాటక సమాజంతో కలిసి రిహార్సల్సు చేస్తుంది. అలా ఒక ఏడు తను వేషం వేసిన నాటిక నరసరావుపేట స్టేజీ ఎక్కింది.

నేనూ మా ఆవిడా వెళ్ళాం. ముందు వరసలో కూర్చోబెట్టారు. నాటికలో ఒక రాళ్ళ ఫ్యాక్టరీ పనివాడు, వాడికి చెవుడు, వాడికొక కూతురు. అది ఎవరి కథో తెలుసుకోవడానికి చెవులక్కర్లేదు. కూతురి వేషం మా అమ్మాయిది. నడుస్తున్నంతసేపూ నోళ్ళు కదలడం చూశాను. చివర్లో ఒకచోట స్టేజీ మీద తండ్రి వీపు తిప్పుకుని కూర్చుని పలకలు తుడుస్తుంటాడు. కూతురు వాడి వెనక నిలబడి ఏదో చెబుతుంది. హాలంతా కదలకుండా అయిపోయింది. పక్కకు చూస్తే మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"ఏమందే?" అన్నాను.

"ఏం లేదులే. నాటకం" అంది.

అమ్మాయి కిందికి వచ్చి ముఖం మీద రంగు కూడా తుడుచుకోకుండా నా ఎదుట నిలబడింది. "ఎట్టా ఉంది నాన్నా?" అని నిదానంగా, పెదవులు కనబడేలా అడిగింది.

"అందరూ బాగా ఏడ్చారు తల్లీ" అన్నాను. నేను చెప్పగలిగింది అదే.

ఆ మాటకు తను నవ్వలేదు. నెలన్నర తర్వాత కొరియర్లో ఒక పెన్ డ్రైవు వచ్చింది. ఫోన్లో మెసేజీ పెట్టింది: "నాటిక మొత్తానికి సబ్‌టైటిల్స్ పెట్టా నాన్నా. నాలుగు వందల పన్నెండు వాక్యాలు. లెక్క సరిచూసుకో. నా సీను నేనే రాసుకున్నా. చదివి చెప్పు." బడి అయ్యాక రోజూ కూర్చుని, ఒక్కో వాక్యం ఎప్పుడు రావాలో ఎప్పుడు పోవాలో చూసుకుంటూ చేసిందట. నాకు ఎవరైనా ఇచ్చిన వస్తువుల్లో దానికి సాటి వచ్చేది లేదు.

ఒంటరిగా చూడవలసింది. అలా చేయలేదు. మా ఆవిడ, "నీ తమ్ముణ్ణి కూడా పిలువు, పిల్ల నాటకం వాళ్ళు మాత్రం ఎప్పుడు చూశారు" అంది. గురజాల పక్కన పల్లెలో ఉంటాడు మా తమ్ముడు, మిరప వేస్తాడు. ఆదివారం ప్రార్థన కాగానే మరదలితో బండి మీద వచ్చాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నలుగురం టీవీ ముందు కూర్చున్నాం. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. రిమోటు తమ్ముడి చేతిలో ఉంది.

మొదలైంది. మొదటి వాక్యం వచ్చింది, పట్టీ లేచింది.

"ఇదేంది, బొమ్మ సన్నగా వస్తాంది" అంటూ ఏదో నొక్కాడు. పట్టీ మళ్ళీ.

"ఒరేయ్, నొక్కమాకరా. అక్షరాలు పోతాండాయి."

"ఒక్క నిమిషం అన్నా, సరిచేస్తాండా."

"నువ్వు సరిచేసేలోపు నాటకం అయిపోద్ది" అంది మరదలు. నా వైపు తిరిగి, "కోతికి కొబ్బరికాయ దొరికినట్టుంది బావగారూ మీ తమ్ముడికి" అంది. అది నాకు అందింది. నవ్వాను.

పట్టీ లేచినప్పుడు అక్షరాలు పూర్తిగా మాయం కావు. పై అంచున తలకట్లు మాత్రం కాస్త బయటికి కనబడతాయి. చదవడానికి చాలవు. కానీ వాక్యం మారినప్పుడు తలకట్లు మారతాయి కాబట్టి, పట్టీ కింద ఎన్ని పోయాయో తెలుస్తుంది. నా బొటనవేలు వాటిని కణుపుల మీద వేసుకుంటూ పోయింది. తమ్ముడు సరిచేసేసరికి తొమ్మిది.

కాసేపు బాగానే నడిచింది. తర్వాత తమ్ముడికి నా మీద ప్రేమ పుట్టింది. "అన్నకి వినబడతల్లా" అంటూ సౌండు పెంచాడు. పట్టీ.

"ఒరేయ్, నాకు వినబడదనేగదరా కింద రాసింది. సౌండు పెంచి నన్నేం చేద్దామని?"

"అలవాటన్నా. ఇంకొంచెం పెడితే నీగ్గూడా కొద్దిగా..."

"మా చెవులు కూడా పోతాయి. అప్పుడు అన్నదమ్ములిద్దరూ కలిసి చదువుకోవచ్చు" అని మరదలు చెవులు మూసుకుని చూపించింది. వాడు తగ్గించాడు. తగ్గించినా పట్టీ లేస్తుంది. పెంచినా తగ్గించినా నాకు జరిగే నష్టం ఒక్కటే. పద్నాలుగు.

కరెంటు పోయి వచ్చింది. టీవీ మళ్ళీ తెరుచుకుని, ఆగిన చోటి నుంచా, మొదటి నుంచా అని అడిగి, పట్టీతో సహా నడిచింది. ఆరు. మా ఆవిడ టీ తెచ్చినప్పుడు ఎవరో ఆపారు. ఐదు.

అప్పుడు మా ఆవిడ తమ్ముడి ముందు చెయ్యి చాపింది. "ఇటియ్యవయ్యా. నేను పట్టుకుంటా. ఆయన్ని చదూకోనీ."

నాకు ఆమె మీద ఎంత మమకారం కలిగిందో చెప్పలేను. పదిహేను నిమిషాల పాటు పట్టీ లేవలేదు. అన్ని వాక్యాలూ చదివాను. రాళ్ళ పనివాడు కూతురి బడికి వెళ్ళి అక్కడ హెడ్‌మాస్టరు అడిగినదానికి ఇంకేదో జవాబు చెప్పే చోట మా తమ్ముడి కంటే ముందే నవ్వాను. వాడు నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. నా ఇంట్లో అందరికంటే ముందు నేను నవ్వి ఎన్నేళ్ళయిందో.

ఆ తర్వాత ఆ సీను వచ్చింది. తండ్రి వీపు తిప్పుకుని కూర్చున్నాడు. మా అమ్మాయి వెనక వచ్చి నిలబడింది. కింద ఒక వాక్యం వచ్చింది.

"నాన్నా, నీకు వినబడదని తెలిసే చెబుతున్నా."

నేను ముందుకు వంగాను. పట్టీ లేచింది.

పోతుందిలే అనుకున్నాను. పోలేదు. తలకట్లు మారాయి, బొటనవేలు కదిలింది. మళ్ళీ మారాయి. పట్టీ అలాగే ఉంది. వీడియో హాలు వెనక నుంచి ఫోనుతో తీసింది, పెదవులు తెలియవు. తన భుజాలు కదలడం, ఒక చెయ్యి లేచి సగంలో ఆగడం, అంతవరకే కనబడుతోంది. "పట్టీ, పట్టీ" అని అరిచాను. ఎవరూ పలకలేదు, లేదా పలికినా నాకు తెలియదు. పట్టీ పోయేసరికి ఒక వాక్యం ఉంది.

"అంతే నాన్నా. ఇక నువ్వు తిరగొచ్చు."

స్టేజీ మీద తండ్రి తిరిగాడు. హాల్లో జనం లేచి నిలబడ్డారు. నా బొటనవేలు పదకొండో కణుపు మీద ఉంది. చెయ్యి నిండడానికి ఒకటి తక్కువ.

వెనక్కి తిరిగి చూశాను. మా తమ్ముడు నేల చూస్తున్నాడు. మరదలు కళ్ళు తుడుచుకుంటోంది. మా ఆవిడ ఒళ్ళో కొంగు, కొంగు కింద చెయ్యి.

"ఆడ పట్టీ పోలేదేందే?"

"ఏమో, ఇరుక్కుపోయింది బటను" అంది.

నమ్మాను. వాళ్ళ ముందు మళ్ళీ వెనక్కి తిప్పమని అడగలేదు. రేపు సాయంత్రం యార్డు నుంచి వచ్చి, ఒక్కణ్ణే కూర్చుని, రిమోటు అటక మీద పెట్టి మరీ చదువుకుందాం అనుకున్నాను. అమ్మాయి ఆ పూటే మెసేజీ పెట్టింది: "చూశావా నాన్నా?" "చూశాను తల్లీ. చానా బాగా చేశావు" అని రాశాను. తను ఇంకేమీ అడగలేదు. నేను ఇంకేమీ చెప్పలేదు. చెప్పవలసింది ఉందని నాకు తెలిస్తే గదా.

మర్నాడు వచ్చేసరికి టీవీ వెనక పెన్ డ్రైవు లేదు.

"మరిది తీసుకెళ్ళాడు, ట్రాక్టర్లో పాటలకి" అంది మా ఆవిడ, చింతపండు పిసుకుతూ. తల ఎత్తలేదు. రెండోసారి అడిగి చెప్పించుకోవలసి వచ్చింది.

తర్వాతి ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్ళాను. పెన్ డ్రైవు ట్రాక్టరుకే ఉంది. దాని నిండా పాటలు. నాటిక లేదు. వాడు చేతులు నలుపుకున్నాడు.

"నాకేం తెలుసన్నా. ఖాళీదే, పాటలు ఎక్కించుకో అంది వదిన."

"ఖాళీది ఎట్టయిద్దిరా? నువ్వు చూసిన నాటకమేగా అందులో ఉంది?"

వాడు ట్రాక్టరు టైరు మీది మట్టి గీకడం మొదలుపెట్టాడు.

"సరే. ఆ సీనులో పిల్ల ఏమందో చెప్పు. నువ్వు విన్నావుగా."

"అయ్యన్నీ ఎందుకన్నా ఇప్పుడు? నాటకాల్లో చానా అంటారు." జేబులోంచి ఫోను తీసి చూసుకుంటూ పక్కకు తిరిగాడు. వాడు పక్కకు తిరిగితే నాకు మాట తెగిపోతుంది. అది వాడికి తెలుసు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి వేరే సినిమా పెట్టి, ఒక బటను నొక్కి లెక్కపెట్టాను. పట్టీ లేచాక ఎవరూ ముట్టుకోకపోతే ఐదు అంకెలు లెక్కపెట్టేసరికి దానంతట అది పోతుంది. పదిసార్లు చూశాను, పదిసార్లూ ఐదే. పదకొండు వాక్యాలు మారేదాకా అది నిలబడాలంటే ఎవరో ఒకరు అది పోబోయే ప్రతిసారీ మళ్ళీ నొక్కుతూ ఉండాలి. బటను ఇరుక్కుంటే సౌండు పైకైనా పోవాలి, కిందికైనా పోవాలి. ఒకసారి పైకి, ఒకసారి కిందికి నొక్కితేనే సౌండు మారకుండా పట్టీ నిలబడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలియదు. ఆ సీను ఎప్పుడు వస్తుందో ముందే తెలిసినవాళ్ళు మాత్రమే చేయగలిగిన పని. ఆ గదిలో నాటిక ముందే చూసిన మనిషి, నేను కాక, ఒక్కతే ఉంది.

వంటింట్లోకి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"కొంగు కింద ఎన్నిసార్లు నొక్కావే?"

ఆమె అర్థం కానట్టు చూడలేదు. అందుకు ఆమెను మెచ్చుకోవాలి. స్టవ్ కట్టేసింది.

"నువ్వు తట్టుకోలేవని."

"ఏం రాసిందే పిల్ల?"

"ఏం లేదు."

"ఏమీ లేందానికి నేను తట్టుకోలేకపోవడమేంది?"

"నాటకమయ్యా అది. స్టేజీ మీద అనేయన్నీ నిజాలా?"

"నాటకమైతే దాచడమెందుకు?"

"పేటలో మూడొందల మంది ముందు వినలేక చచ్చా. ఇంట్లో నీ ముందు గూడా ఆ మాటలు రావాలా?"

"మూడొందల మందికి చెప్పింది, నీకు చెప్పింది, నా తమ్ముడికీ వాడి పెళ్ళానికీ చెప్పింది. నాకు టైపు చేసి పంపింది. నాకు పంపింది నువ్వెట్టా ఆపుతావే?"

ఆమె ఏదో అంది. ముఖం గోడ వైపు ఉంది. ఏమందో నాకు తెలియదు. మళ్ళీ అడిగితే, "తర్వాత చెప్తాలే, అన్నం తిను" అంది.

పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో సగానికి పైగా ఆమె నా చెవులుగా ఉంది. బస్సు కండక్టరు అడిగింది, డాక్టరు చెప్పింది, చర్చిలో పాస్టరు నా వైపు చూసి అన్నది, అన్నీ ఆమె నోటి నుంచే నాకు చేరాయి. ఎన్ని చేరాయో నాకు తెలుసు. ఎన్నిటి మీద కొంగు కప్పిందో ఆ రోజు దాకా ఆలోచించలేదు. ఆ రోజు నుంచి అదే ఆలోచన.

అమ్మాయి క్రిస్మసుకు రాలేదు. సెలవు దొరకలేదని మెసేజీ పెట్టింది. బడికి క్రిస్మసు సెలవు ఉంటుందని లెక్క తెలియనివాడికి కూడా తెలుసు. వేసవిలో రెండు రోజులకు వచ్చింది. మొదటి రోజంతా వాళ్ళమ్మతోనే తిరిగింది. రెండో రోజు పొద్దున అరుగు మీద నా ఎదుటికి వచ్చి కూర్చుంది. పెదవులు కనబడేలా కూర్చోవడం దానికి చిన్నప్పటి నుంచి అలవాటు.

"నా సీను గురించి నువ్వేం చెప్పలేదు నాన్నా" అంది.

"ఆ సీనులో మాటలు నాకు కనబడలేదు తల్లీ. టీవీలో పట్టీ లేచి అడ్డమొచ్చింది."

"సీను మొత్తమా?"

"పదకొండు వాక్యాలు. ముందుదీ చివరిదీ చదివా. మధ్యలోవి పోయినయ్యి."

తను నన్ను కాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. యార్డులో లారీవాడు నేను చెప్పిన కొలతను నమ్మనప్పుడు అలాగే చూస్తాడు.

"పట్టీ అంతసేపు ఉండదు నాన్నా. ఐదు సెకన్లలో పోద్ది. టైపు చేసేటప్పుడు నేను వందసార్లు చూసుకున్నా. ఆ సీను దాదాపు నిమిషం."

నిజమే. నేను వేసిన లెక్కే తనూ వేసింది. నా కూతురు. అంతసేపు ఎలా ఉందో చెప్పడానికి నా దగ్గర ఒక్కటే వాక్యం ఉంది. ఆ వాక్యానికి కర్త ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది, చేతిలో చేట. మా ఆవిడ వైపు చూశాను. చెప్పవలసింది ఆమె. ఎంతసేపు చూశానో. ఆమె చేటలో రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

నేను చెప్పొచ్చు. చెబితే ఆ పిల్లకు తల్లి లేకుండా పోతుంది. చెప్పకపోతే తండ్రి లేకుండా పోతాడు. రెండిట్లో ఏది తక్కువ నష్టమో వేసి చూసుకున్నాను. తండ్రిగా నా దగ్గర ఉన్నది సగమే. ఫోను చేస్తే పలికేది తల్లి. నేను పలకను, పలకలేను.

"ఉండింది తల్లీ" అన్నాను. "ఎందుకో ఉండింది."

"పెన్ డ్రైవు ఉందిగా. మళ్ళా చూడొచ్చుగా."

"అది మీ బాబాయి పాటలకి తీసుకున్నాడు."

తను నవ్వింది. నవ్వులో సంతోషం లేదు. "వినబడలేదంటే ఇన్నాళ్ళూ నమ్మాం నాన్నా. చదవడానికి కూడా కనబడలేదంటే ఎట్టా నమ్మేది?"

"మళ్ళీ పంపు. లేదంటే ఇప్పుడే చెప్పు. ఎదురుగానే ఉన్నాగా."

"బడి కంప్యూటర్లో చేసింది అది. తీసేశారు. ఎదురుగా చెప్పగలిగితే నాటకంలో ఎందుకు రాసుకుంటాను?"

అది నాకు స్పష్టంగా అందింది. ఒక్క అక్షరం పోలేదు.

మధ్యాహ్నం బస్సుకు బయలుదేరింది. గడప దగ్గర చెప్పుల పట్టీ బిగించుకుంటూ, తల వంచుకుని ఏదో అంది. ఏందమ్మా అన్నాను. తల ఎత్తి, "తర్వాత చెప్తాలే నాన్నా" అంది. ఆ మాట దాని నోటి నుంచి అదే మొదటిసారి. అప్పటిదాకా ఆ ఇంట్లో ఆ మాట అనని మనిషి తను ఒక్కతే.

ఆ నాటక సమాజంవాళ్ళు ఆ వీడియోను ఫోన్లో చూసుకునేలా పెట్టారు. అందులో సబ్‌టైటిల్స్ లేవు, ఒట్టి బొమ్మే. చెవులున్న ఎవరి చేతిలోనైనా పెట్టి, ఆ కాసేపు విని రాసిపెట్టమని అడగొచ్చు. యార్డులో గుమాస్తా రాసిస్తాడు. పక్కింటి అక్క కొడుకు రాసిస్తాడు. నా కూతురు నన్ను ఏమందో నాకు చెప్పండి అని ఎవరిని అడగను? అడిగితే, రాసిచ్చేవాడు కాగితం నా చేతిలో పెడుతూ నా ముఖం చూస్తాడు. ఆ చూపుకు సిద్ధంగా లేను. పైగా ఆ మాటలు నాకు ఇవ్వవలసినవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరు రాసినవాళ్ళు, ఒకరు కప్పినవాళ్ళు. మూడోవాడి దగ్గర తెచ్చుకుంటే వాళ్ళ బాకీ తీరినట్టు కాదు.

అప్పుడప్పుడు యార్డులో పలకల నీడన కూర్చుని ఫోన్లో ఆ సీను పెట్టుకుంటాను. అక్షరాలు లేవు కాబట్టి ఇప్పుడు పట్టీ లేచినా నాకు నష్టం లేదు. స్టేజీ మీద వాడు వీపు తిప్పుకుని కూర్చుంటాడు. తను వెనక నిలబడుతుంది. భుజాలు కదులుతాయి, ఆగుతాయి. ఆగిన చోటల్లా ఒక వాక్యం అయిపోయిందనుకుని బొటనవేలు జరుపుతాను. ఎన్నిసార్లు చూసినా అదే కణుపు మీద ఆగుతుంది. చెయ్యి లేచి సగంలో ఆగేది ఏడో వాక్యం దగ్గర. అది కొట్టడానికి లేచిందో, భుజం మీద వెయ్యడానికి లేచిందో బొమ్మలో తెలియదు. వాక్యంలో తెలిసి ఉండేది.

మా ఆవిడా నేనూ ఇప్పుడూ కలిసే టీవీ చూస్తాం. రిమోటు నా చేతిలో ఉంటుంది. దాని గురించి ఇద్దరం మాట్లాడుకోం. నాటికలో మిగతాచోట్ల పోయినవాటిని నేను అడగకుండానే ఆమె, సందర్భం వచ్చినప్పుడల్లా, ఒకటొకటిగా చెప్పేసింది. మొదట్లో ఫ్యాక్టరీ ఓనరు ఏమన్నాడు, టీ టైములో పక్కింటావిడ వేషం ఏమంది, కరెంటు వచ్చాక ఏం జరిగింది, ఓపిగ్గా, ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా చెప్పింది. చిల్లర బాకీలన్నీ ఆమె తీర్చేసింది. నేనూ కొట్టేశాను.

నలభై ఐదులో ముప్పై నాలుగు చెల్లాయి. ఇవాళ్టికి నాకు రావలసినవి పదకొండు.